చేతికి లొంగే బండి



ఈ రోజు మీతో ఒక బండి గురించి మాట్లాడాలనుకుంటున్నాను. మన నిర్మల్ జిల్లాలో దాన్ని చూడనివాళ్ళు ఉండరు. సోన్ దారిలో, మామడ దారిలో, లక్ష్మణచాంద, దిలావర్‌పూర్, సారంగాపూర్ దారుల్లో తెల్లవారకముందే దాని చప్పుడు వినబడుతుంది. రెండు పక్కలా పాలక్యాన్లు వేలాడేసుకొని ఒకటి వస్తుంది. కల్లు లొట్లు కట్టుకొని ఒకటి వస్తుంది. కొత్తిమీర, పాలకూర మూటలతో ఒకటి అంగడికి పోతుంది. యూరియా బస్తాను కాళ్ళ దగ్గర నిలబెట్టుకొని ఒకటి చేనుకు పోతుంది. పొద్దుగూకే వేళకు అదే బండి గడ్డిమోపుతో ఇంటిదారి పడుతుంది. అప్పుడు బండి కనబడదు, మోపు మాత్రమే కదిలి వస్తున్నట్టు ఉంటుంది. దాన్ని కొందరు ఎక్సెల్ అంటారు, కొందరు టీవీఎస్ అంటారు, పెద్దవాళ్ళు పాత అలవాటు కొద్దీ లూనా అంటారు. ఏ పేరుతో పిలిచినా, ఒక్క గేరుతో నడిచే ఆ చిన్న మోపెడ్ గురించే నా మాట.

మన నిర్మల్ మీదుగానే 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా సాగే ఈ రోడ్డు దేశంలోనే అన్నిటికన్నా పొడవైనది. దాని మీద పరుగెత్తే కొత్త కార్లలో ఇప్పుడు ఏమేం ఉన్నాయో మీకు తెలుసు. డ్యాష్‌బోర్డు మీద చిన్న టీవీ అంత తెర ఉంటుంది. నోటితో చెబితే అద్దం దిగుతుంది. ఫోన్‌తో తలుపు తెరుచుకుంటుంది. ముందున్న బండి మరీ దగ్గరైతే కారు తనంతట తానే బ్రేకు వేస్తుంది. స్కూటర్లు కూడా ఫోన్‌తో జతకట్టి, ఎటు తిరగాలో మీటరు మీదే చూపిస్తున్నాయి. ఇన్ని సౌకర్యాలు వచ్చిన కాలంలో, తెర లేని, గేర్లు లేని, వేగం లేని మోపెడ్ ఇంకా ఎందుకు బతికుంది? అగ్గువకు వస్తుంది కాబట్టి అని వెంటనే జవాబు చెబుతాం. ఆ జవాబులో సగమే నిజం ఉంది. అగ్గువ వస్తువులు చాలా వచ్చాయి, చాలా పోయాయి. ఇది మాత్రం నలభై ఏళ్ళు దాటినా మన ఊళ్ళను వదలలేదు. మిగిలిన సగం నిజం ఏమిటో వెతకాల్సిన అవసరం ఉంది. ఎందుకంటే రేపు మనం ఎలాంటి వాహనాలు, ఎలాంటి యంత్రాలు కొనాలన్న ప్రశ్నకు కూడా జవాబు అందులోనే దొరుకుతుంది.

ముందు కొంచెం చరిత్ర. మన దేశంలో మోపెడ్‌ను ఇంటింటికీ పరిచయం చేసింది లూనా. 1972లో కైనెటిక్ కంపెనీ పూణేలో దాని తయారీ మొదలుపెట్టింది. 50 సీసీ ఇంజను, సైకిల్‌కు ఉన్నట్టే పెడళ్ళు. పెట్రోలు అయిపోతే తొక్కుకుంటూ ఇంటికి చేరవచ్చు. తర్వాత 1980లో తమిళనాడులోని హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చింది. ఇద్దరు కూర్చుని పోవడానికి వీలుగా దాన్ని తయారుచేశారు. అదే పెరిగి, గట్టిపడి, ఎక్సెల్ అయింది. సూపర్, హెవీ డ్యూటీ అంటూ రకాలు వచ్చాయి. 2015లో పాత టూ స్ట్రోక్ ఇంజను స్థానంలో ఫోర్ స్ట్రోక్ ఇంజనుతో ఎక్సెల్ 100 వచ్చింది. ఆ మధ్యలో లూనా ఆగిపోయింది, హీరో మెజెస్టిక్ లాంటి మోపెడ్లు కనుమరుగయ్యాయి. చాలా ఏళ్ళపాటు దేశంలో మోపెడ్ అంటే ఎక్సెల్ ఒక్కటే అన్నంతగా మిగిలింది.

దాని లోపల ఏముందో చూద్దాం. ఎక్సెల్ 100 ఇంజను 99.7 సీసీ. శక్తి నాలుగున్నర హార్స్‌పవర్ కూడా లేదు. ఈ రోజుల్లో కాలేజీ పిల్లలు నడిపే బైకులు దీనికి మూడు నాలుగింతల శక్తి చూపిస్తాయి. కానీ ఇంజను నిమిషానికి 3,500 చుట్లు తిరిగేసరికే దీని లాగుడు బలం పూర్తిగా అందుతుంది. అంటే మెల్లగా పోతున్నప్పుడే బాగా లాగుతుంది. వేగం కోసం చేసిన ఇంజను గట్టిగా రేసు ఇస్తే తప్ప బలం చూపదు. బరువు కోసం చేసిన ఇంజను కదిలేటప్పుడే బలం చూపాలి. చేను గట్టు ఎక్కేటప్పుడు, కాలువ కట్ట మీదికి మలిపేటప్పుడు మనకు కావలసింది ఆ మొదటి బలమే.

ఇక క్లచ్. ఈ బండికి క్లచ్ లీవర్ ఉండదు, గేరు మార్చే పని ఉండదు. ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు క్లచ్ లోపలి షూలు స్ప్రింగుల పట్టుకు లోపలికి ముడుచుకొని ఉంటాయి. చక్రానికి బలం అందదు, బండి నిలబడి ఉంటుంది. రేసు ఇస్తే ఇంజను జోరుగా తిరుగుతుంది, ఆ తిరుగుడుకు షూలు బయటికి జరిగి చుట్టూ ఉన్న డ్రమ్మును పట్టుకుంటాయి. బండి కదులుతుంది. రేసు తగ్గిస్తే మళ్ళీ వదిలేస్తాయి. దీనికి సెన్సరు అక్కరలేదు, కంప్యూటరు అక్కరలేదు. తిరిగే వస్తువు బయటికి పోవాలని చూస్తుందన్న ఒక్క ప్రకృతి సూత్రం చాలు. సైకిల్ నడపడం వచ్చిన మనిషి ఒక పూటలో దీన్ని నేర్చుకుంటాడు. బతుకంతా ఎడ్లబండి మాత్రమే తోలిన పెద్దమనిషి అరవై ఏళ్ళ వయసులోనైనా నేర్చుకోగలడు. చీరకట్టుతో ఆడవాళ్ళు ఎక్కి కూర్చోవడానికి ముందు భాగమంతా ఖాళీగా ఉంటుంది.

ఇదే ఆలోచన జపాన్‌లో 1958లోనే ఒక గొప్ప బండిని పుట్టించింది. దాని పేరు హోండా సూపర్ కబ్. సోయిచిరో హోండా, ఆయన భాగస్వామి టకేయో ఫుజిసావా కలిసి దాన్ని రూపొందించారు. అక్కడ హోటళ్ళ నుంచి ఇళ్ళకు సోబా అనే సేమియా వంటకం చేరవేసే కుర్రాళ్ళు ఒక చేత్తో పళ్ళెం పట్టుకొని, ఇంకో చేత్తో బండి నడపాలి. అందుకని ఎడమచేతి క్లచ్ తీసేశారు. గేర్లు కాలితోనే మారతాయి. పనిచేసే మనిషి చేతిలో ఏముందో చూసి బండిని తయారుచేశారన్నమాట. 2017 నాటికి ఆ శ్రేణి బండ్లు పది కోట్లు తయారయ్యాయి. మోటారు వాహనాల చరిత్రలో ఇంకే బండీ ఆ సంఖ్యకు చేరలేదు. అన్ని కోట్లమందిని ఆకట్టుకున్నది ఆడంబరం కాదని వేరే చెప్పాలా?

ఫ్రాన్స్‌లో కూడా ఇలాంటి కథే ఉంది. అక్కడి సిత్రోయెన్ కంపెనీని నడిపిన పియెర్ బులాంజె తన ఇంజనీర్ల ముందు ఒక కోరిక పెట్టాడు. ఇద్దరు రైతులు, వాళ్ళతోపాటు 50 కిలోల బంగాళాదుంపలు పట్టాలి. దున్నిన చేను మీదుగా గంపెడు గుడ్లు తీసుకుపోతే ఒక్క గుడ్డు పగలకూడదు. పెట్రోలు తక్కువ తాగాలి. ఆ కోరిక నుంచి 2సీవీ అనే కారు పుట్టింది. 1948లో పారిస్‌లో దాన్ని చూపించినప్పుడు ఇంజను 375 సీసీ, శక్తి 9 హార్స్‌పవర్ మాత్రమే. అయినా అది 1990 దాకా తయారవుతూనే ఉంది. గుడ్లగంపతో మొదలైన ఆలోచనకు నలభై ఏళ్ళకు పైగా ఆయుష్షు దక్కింది. రైతుకు ఏం కావాలో రైతు చేనులోనే వెతికారు కాబట్టి ఆ కారు నిలిచింది.

ఇప్పుడు మన ప్రాంతానికే వద్దాం. ఈ నేలకు యంత్రం కొత్త కావచ్చు గాని, చేతిపని కొత్త కాదు. నిర్మల్ కోట బురుజుల మీది ఫిరంగుల సంగతి మీకు తెలుసు. నిజాం కాలంలో ఇక్కడ ఆయుధాల తయారీ జరిగింది. గోదావరికి ఆవలనున్న కోనసముద్రంలో మూసలో ఉక్కు వండేవారు. ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు ఇంతదూరం వచ్చేవారు. పొనికి కర్రను చెక్కి పండులా, పిట్టలా మార్చే నకాషీ కళాకారుల చేతులు నేటికీ ఇక్కడే పనిచేస్తున్నాయి. ఇనుమూ కర్రా రెండూ చేతికి లొంగిన ఊరు ఇది.

అలాంటి చేతులే ఎడ్లబండినీ చేశాయి. ఇరుసు, నొగలు, కాడి, చక్రం ఆకులు వడ్రంగి పని. చక్రం చుట్టూ ఎక్కించే ఇనుప పట్టా కమ్మరి పని. ఆ పట్టాను ఎర్రగా కాల్చి చక్రానికి తొడిగి, నీళ్ళు పోస్తే అది బిగుసుకొని ఆకులన్నిటినీ ఒక్కటిగా పట్టి ఉంచుతుంది. బండి చేసినవాడు అదే ఊళ్ళో ఉంటాడు. చక్రం వదులైతే పొద్దున చెబితే సాయంత్రానికి బాగవుతుంది. పంట చేతికొచ్చినప్పుడు అతనికి ధాన్యం కొలిచి ఇచ్చేవారు. బండికీ బండి కట్టే మనిషికీ మధ్య దూరం లేదు. ఆదివాసులకు ఆ బండితో ఉన్న బంధం మరీ దగ్గరిది. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్యమాసపు అమావాస్యకు జరిగే నాగోబా జాతరకు మెస్రం వంశీయులు ఇప్పటికీ పిల్లాజెల్లాతో ఎడ్లబండ్లు కట్టుకొని వస్తారు. కారు కొనగలిగినవాళ్ళు కూడా ఆ జాతరకు బండి కట్టడం గౌరవంగా భావిస్తారు.

ఎడ్లబండి పనిని మన కళ్ళముందే ట్రాక్టరు, ట్రాలీ ఆటో, ఈ మోపెడ్ పంచుకున్నాయి. పెద్ద బరువులు ట్రాక్టరుకు పోయాయి, మనుషులు ఆటో ఎక్కారు, చిల్లర పనులన్నీ ఎక్సెల్‌కు వచ్చాయి. పాత బండికి ఉన్న ముఖ్యమైన గుణం ఒకటి దీనికి కూడా వారసత్వంగా వచ్చింది. దీని గుట్టు యజమానికి తెలుసు.

పాత ఎక్సెల్ దారిలో ఆగిపోయిందనుకోండి. వెతకాల్సినవి మూడే. పెట్రోలు అందుతోందా, ప్లగ్గుకు కరెంటు వస్తోందా, ఇంజను పట్టు బాగుందా. యజమాని ట్యాంకు మూత తీసి చూస్తాడు. పైపు ఊడదీసి నోటితో ఊదుతాడు. ప్లగ్గు పానాతో ప్లగ్గు విప్పి, మసిని గరుకు కాగితంతో రుద్ది, గ్యాపు చూసి మళ్ళీ బిగిస్తాడు. చాలాసార్లు పని అక్కడితో అయిపోతుంది. కాకపోతే కార్బొరేటరులో కచరా పడిందన్నమాట. అది తర్వాతి ఊళ్ళో, రేకుల షెడ్డు కింద పానాల డబ్బా ముందేసుకొని కూర్చున్న మెకానిక్ పావుగంటలో చేసే పని. బ్రేకు షూలు, చైను, కేబుళ్ళు, బల్బు ఖానాపూర్‌లో దొరుకుతాయి, కడెంలో దొరుకుతాయి, భైంసాలో దొరుకుతాయి. పంక్చర్ వేసేవాడు లేని ఊరు మన దగ్గర లేదు.

ఈ తెలివి పుస్తకంలో చదివి వచ్చింది కాదు. బండి కొన్నవాడు దాన్ని వాడుతూ వాడుతూ సంపాదించింది. చప్పుడు మారితే చైను వదులైందని అతనికి తెలుస్తుంది. పొగ రంగు మారితే ఆయిల్ సంగతి తెలుస్తుంది. ఆ తెలివి ఉన్నంతకాలం బండి నిజంగా అతనిది. కాగితం మీద పేరుండటం ఒక రకం సొంతదనం. ఆగిపోయిన చోటు నుంచి దాన్ని మళ్ళీ నడిపించగలగడం ఇంకో రకం సొంతదనం. సాదా బండి ఈ రెండోదాన్ని కూడా ఇస్తుంది. కూలికి పోయే మనిషికి, అంగడి నమ్ముకొని బతికే మనిషికి బండి ఒక రోజు ఆగితే ఆ రోజు సంపాదన ఆగినట్టే. అందుకే ఆ సొంతదనం విలువ అతనికి షోరూములో చూపించే ఏ తెర విలువకన్నా ఎక్కువ. అగ్గువ అన్న జవాబులో దొరకని మిగతా సగం ఇదే.

అగ్గువ వేరు, సాదాతనం వేరు అనడానికి మన దేశంలోనే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 2008 జనవరిలో రతన్ టాటా నానో కారును ఢిల్లీలో చూపించారు. లక్ష రూపాయల కారు అని ప్రపంచమంతా మాట్లాడుకుంది. స్కూటరు మీద భార్యాపిల్లలతో వానలో తడుస్తూ పోయే కుటుంబాన్ని చూసి ఆ ఆలోచన చేశానని ఆయన చెప్పారు. ఆలోచన మంచిది, ఇంజనీరింగు కూడా మంచిదే. కానీ దేశంలోకెల్లా అగ్గువ కారు అన్న ముద్ర దాని మీద పడింది. ఆ ముద్ర నష్టం చేసిందని తర్వాత రతన్ టాటాయే ఒప్పుకున్నారు. 2018లో తయారీ ఆగిపోయింది. అదే కంపెనీ 2005లో తెచ్చిన టాటా ఏస్ చిన్న ట్రక్కు మాత్రం ఊరూరా పాకిపోయింది. రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను, ఇరుకు సందులో తిరిగే ఒడ్డు పొడుగు, ముప్పావు టన్ను బరువు మోసే సత్తా. జనం దాన్ని అగ్గువ లారీ అనలేదు. ఛోటా హాథీ అని ముద్దుగా పిలిచారు. మనిషి పేదవాడినని చాటుకోవడానికి బండి కొనడు. పని జరగడానికి కొంటాడు. పని జరిపించే బండి ఎంత సాదాగా ఉన్నా అతని గౌరవాన్ని పెంచుతుంది.

సాదా బండిని మెచ్చుకుంటున్నాను కదా అని పాతదంతా మంచిదని నేను అనను. పాత టూ స్ట్రోక్ మోపెడ్‌లో పెట్రోలుతోపాటు ఆయిల్ కలిపి పోసేవాళ్ళం. ఆ ఆయిల్ కాలి నీలిపొగగా బయటికి వచ్చేది. ఆ పొగ పీల్చింది మనమే, మన పిల్లలే. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాయి. అప్పుడు ఎక్సెల్ కూడా కార్బొరేటరు వదిలి ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారింది. ఇప్పుడు దానిలోనూ ఒక చిన్న కంప్యూటరు ఉంది, సెన్సర్లు ఉన్నాయి. రేకుల షెడ్డు మెకానిక్ పానాలతోపాటు కొత్త పరికరం కూడా నేర్చుకోవాల్సి వచ్చింది. అది అవసరమైన మార్పు. గాలి అందరిది.

బ్రేకుల సంగతి కూడా అంతే. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త ద్విచక్ర వాహనాలకు బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, అంతకు తక్కువ వాటికి కనీసం ఒక్క లీవరుతో రెండు చక్రాలకూ బ్రేకు పడే ఏర్పాటు తప్పనిసరి అయ్యాయి. వానాకాలంలో తడిరోడ్డు మీద ముందు చక్రం జారిపోకుండా కాపాడే తెలివి ఎంత వచ్చినా స్వాగతమే. ప్రాణాన్ని కాపాడేది, గాలిని శుభ్రంగా ఉంచేది ఆడంబరం కాదు. ఈ సందర్భంగా ఇంకో రెండు మాటలు. మోపెడ్ చిన్నదే కదా అని పిల్లల చేతికి ఇవ్వకండి. 50 సీసీ దాటిన బండి నడపడానికి చట్టప్రకారం 18 ఏళ్ళు నిండాలి. ఎక్సెల్ 100కు కూడా అదే వర్తిస్తుంది. ఇక హెల్మెట్. చేనుకే కదా పోయేది అనుకోవద్దు. చేనుకు పోయే దారి కూడా ఎక్కడో ఒకచోట పెద్దరోడ్డును దాటుతుంది.

మరో సంగతి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. వానాకాలంలో బాట తెగిపోయిన ఆదివాసీ గూడెం నుంచి గర్భిణిని ఎడ్లబండి మీద రోడ్డు దాకా తీసుకొచ్చారన్న వార్త మనం ఇప్పటికీ వింటున్నాం. నల్లరేగడి నేలల్లో వాన పడితే ఏ చక్రమూ కదలదు. ఎక్సెల్ మడ్‌గార్డు కింద కూడా బురద ఇరుక్కుపోతుంది. అక్కడ సాదా బండిని మెచ్చుకుంటూ కూర్చోవడం తప్పు. అక్కడ కావలసింది బాట, కల్వర్టు, దవాఖాన. మనిషి తన ఇష్టంతో ఎంచుకున్న సాదాతనం వేరు, గతిలేక మీదపడ్డ ఇబ్బంది వేరు. మొదటిదాన్ని కాపాడుకోవాలి. రెండోదాన్ని తొలగించాలి.

మరి సాంకేతికతతో వచ్చిన చిక్కు ఎక్కడుంది? బండి లోపలి తెలివి యజమాని చేతిలోంచి జారి, ఎక్కడో దూరంగా ఉన్న కంపెనీ చేతిలోకి పోయినప్పుడు చిక్కు మొదలవుతుంది. చిన్న సెన్సరు చెడితే బండి మొత్తం ఆగిపోతుంది. ఏం చెడిందో చెప్పే పరికరం కంపెనీ సర్వీస్ సెంటర్‌లో మాత్రమే ఉంటుంది. ఆ సెంటర్ కోసం పెంబి నుంచో, కుభీర్ నుంచో ఒక రోజు పని వదులుకొని రావాలి. విడిభాగం బాగుచేయడం కుదరదు, మొత్తం మార్చాల్సిందే అంటారు. ఈ బాధ మనదొక్కటే కాదు. అమెరికాలో రైతులు తమ సొంత ట్రాక్టర్లను తామే బాగుచేసుకునే హక్కు కోసం ఏళ్ళ తరబడి కొట్లాడారు. కోతల సమయంలో ట్రాక్టరు తెర మీద ఎర్రదీపం వెలిగితే కంపెనీ మనిషి ల్యాప్‌టాప్‌తో వచ్చేదాకా పంట చేనులోనే ఉండిపోయేది. చివరికి 2023లో కొలరాడో రాష్ట్రం రైతు పనిముట్లకు ఆ హక్కు ఇస్తూ చట్టం చేసింది. అలా చట్టం తెచ్చిన మొదటి రాష్ట్రం అదే.

మన దేశంలో కూడా ఈ ఆలోచన మొదలైంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో బాగుచేసుకునే హక్కు మీద ఒక కమిటీ వేసింది. వ్యవసాయ పనిముట్లు, మొబైల్ ఫోన్లు, ఇంట్లో వాడే యంత్రాలు, మోటారు వాహనాలు, ఈ నాలుగు రంగాల మీద ముందు దృష్టి పెట్టాలని అనుకున్నారు. ఆ ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం రోజున, ఇందుకోసం ఒక పోర్టల్ కూడా మొదలైంది. కంపెనీలు తమ వస్తువులను ఎలా బాగుచేసుకోవాలో, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో అందులో చెప్పాలి. ఇది మంచి మొదలు. ఇది చట్టబద్ధమైన హక్కుగా మారాలి. మాన్యువల్ తెలుగులో రావాలి. లోపం కనిపెట్టే పరికరం ఊరి మెకానిక్ కొనుక్కోగలిగిన ధరకు దొరకాలి. రైతు సంఘాలు, మెకానిక్‌ల సంఘాలు ఈ మాట గట్టిగా అడగాలి.

కరెంటు బండ్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఎలక్ట్రిక్ అనగానే అది మనకు అందని వస్తువు అనుకుంటాం. నిజానికి మోటారు లోపల కదిలే భాగాలు ఇంజనులో కన్నా చాలా తక్కువ. ప్లగ్గు లేదు, కార్బొరేటరు లేదు, ఆయిల్ మార్చే పని లేదు. సరిగ్గా చేస్తే ఎక్సెల్ కన్నా సాదాగా ఉండగలిగిన బండి అది. 2024 ఫిబ్రవరిలో లూనా పేరు మళ్ళీ వినబడింది, ఈసారి బ్యాటరీతో. అమెరికాలో 2025 ఏప్రిల్‌లో స్లేట్ అనే కంపెనీ తెర లేని, చేత్తో అద్దం దించుకునే కరెంటు ట్రక్కును చూపించింది. థాయిలాండ్‌లో టయోటా 2023లో హైలక్స్ చాంప్ అనే సాదా ట్రక్కును తెచ్చింది. వెనక భాగాన్ని ఎవరి పనికి తగ్గట్టు వాళ్ళు కట్టించుకునేలా దానికి ముందే బోల్టు రంధ్రాలు పెట్టి ఇస్తున్నారు. అంటే సాదాతనం పాతకాలపు మిగులు కాదు. దాని అవసరాన్ని పెద్ద పెద్ద కంపెనీలు కూడా గుర్తిస్తున్నాయి. కొత్త సాంకేతికతతో కూడా సాదా బండి చేయవచ్చు. అడిగే కొనుగోలుదారు ఉండాలి, అంతే.

కాబట్టి శ్రోతలారా, ఈసారి బండి కొనడానికి షోరూముకు వెళ్ళినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. ఒకటి, నా రోజువారీ పనికి ఈ బండి సరిపోతుందా, నేను మోసే బరువు, నేను పోయే బాట దీనికి తెలుసా? రెండు, ఇది చెడితే నాకు దగ్గరలో బాగుచేసేవాళ్ళు ఎవరున్నారు? మూడు, విడిభాగాలు మన ఊళ్ళో, కనీసం మండల కేంద్రంలో దొరుకుతాయా, ఎంతకు దొరుకుతాయి? నాలుగు, ఇందులో ఉన్న సౌకర్యాల్లో నా ప్రాణాన్ని కాపాడేవి ఏవి, నా పనిని తేలిక చేసేవి ఏవి, కేవలం చూపులకు ఉన్నవి ఏవి? చివరివాటికి మీరు కట్టే పైసలు, వాటికోసం తెచ్చే అప్పు వడ్డీ లెక్కేసుకోండి. ఫైనాన్సు వాయిదాలు బండి ఆగిన నెలలో కూడా ఆగవు.

యువకులకు ఒక మాట. మెకానిక్ పనిని చిన్నచూపు చూడకండి. చప్పుడు విని లోపం చెప్పే పాత ఉస్తాదుల దగ్గర కూర్చొని ఆ పని నేర్చుకోండి. ఐటీఐలో చేరి కొత్త వైరింగు, బ్యాటరీ, ఇంజెక్షన్ పని కూడా నేర్చుకోండి. ఈ రెండు విద్యలూ ఒక్క మనిషిలో కలిస్తే ఆ మనిషికి పని కరువుండదు. చుట్టూ ఉన్న పది ఊళ్ళకు అతను ఆసరా అవుతాడు.

ఫిరంగి పోసిన చేతులు, పొనికి కర్రకు ప్రాణం పోసిన చేతులు ఉన్న నేల ఇది. యంత్రాన్ని చూసి భయపడాల్సిన అవసరం మనకు లేదు. కొత్త బండ్లు రానివ్వండి, కొత్త తెలివి రానివ్వండి. కానీ వాటి మూత విప్పే హక్కు, వాటిని మన చేతులతో బాగుచేసుకునే వీలు మన దగ్గరే ఉండాలి. ఆ వీలున్న బండినే కొందాం, ఆ వీలు లేని బండి అమ్మేవాళ్ళను ఎందుకు లేదని అడుగుదాం. అడిగేవాళ్ళు పెరిగితే తయారుచేసేవాళ్ళు మారక తప్పదు.